శాలువా ఒకటే, సభలు మూడు రకాలు

జులై వచ్చిందంటే బెజవాడలో కాస్త పేరున్న ప్రతివాడి వాట్సాప్‌లోనూ ఆహ్వానాలు వరస కడతాయి. ఫలానా క్లబ్బు నూతన కార్యవర్గ ప్రమాణ స్వీకారం, ఫలానా ట్రస్టు సేవా పురస్కారాల ప్రదానం, ఫలానా వ్యాపారుల ‘బిజినెస్ మీట్’. అన్నీ బందరు రోడ్డు మీదనో, బెంజి సర్కిల్ చుట్టుపక్కలనో ఉన్న హోటళ్లలోనే. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, ‘వేదికను అలంకరించవలసిందిగా’ అనే పిలుపులు, చాలక కింద నుంచి మోసుకొచ్చే కుర్చీలు, శాలువాలు, మెమెంటోలు, గ్రూప్ ఫొటో, ఆ తర్వాత బఫే. గుంటూరులో లక్ష్మీపురం వైపు వెళ్లినా ఇదే వరస. కార్యక్రమం మధ్యలో మిమ్మల్ని కళ్లకు గంతలు కట్టి తీసుకెళ్లి కూర్చోబెడితే అది సేవా కార్యక్రమమో, వ్యాపార సమావేశమో, పరిచయాల విందో చెప్పడం కష్టం.

లోపల కూర్చున్నవాళ్లకూ ఈ తేడా సరిగ్గా తెలియకపోవడం వల్లే గొడవంతా. నాలుగు ఆర్డర్లు దొరుకుతాయేమోనని వెళ్లినవాడు చందా రాసి వస్తాడు. ఏదైనా మంచిపని చేద్దామని వెళ్లిన రిటైర్డ్ మాస్టారికి పక్క సీటాయన ఆరోగ్య బీమా అంటగడతాడు. ‘అంతా ప్రచారం కోసమేనండీ’ అని ఇద్దరూ ఇంటికొచ్చి విసుక్కుంటారు. అది పూర్తిగా నిజం కాదు. ఆ సాయంత్రానికి డబ్బు ఎవరు పెట్టారు, వచ్చినవాళ్ల నుంచి రేపు ఏం ఆశిస్తున్నారు అనే రెండు ప్రశ్నలు వేసుకుంటే ముప్పాతిక చిక్కు విడిపోతుంది. పరిచయాల సభకు ఎవరి ఖర్చు వాళ్లదే, రేపు మళ్లీ కలవడం తప్ప ఏమీ అడగరు. సేవా సభకు దాతలు పెడతారు, రేపు మీ డబ్బో మీ సమయమో కావాలంటారు. వ్యాపార సభకు సభ్యత్వం కట్టినవాళ్లు పెడతారు, రేపు మీ ఫోన్‌లో ఉన్న నంబర్లు కావాలంటారు. మన ఊళ్లలో ఈ మూడూ ఒకే హాల్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో కలిసిపోయి ఉంటాయి.

ఇంతకీ జులైలోనే ఎందుకంటే, రోటరీ, లయన్స్ సేవా క్లబ్బులకు సంవత్సరం జులై 1న మొదలవుతుంది. పాత అధ్యక్షుడు దిగాలి, కొత్తాయన ఎక్కాలి. అదే సమయానికి మనకు ఆషాఢం వస్తుంది. పెళ్లిళ్లు ఉండవు, ఫంక్షన్ హాళ్లు ఖాళీ, కేటరింగ్ వాళ్లు ఫోన్ చేయగానే ఎత్తుతారు. అమెరికాలో కూర్చుని ఎవరో పెట్టిన తేదీ మన పంచాంగానికి ఇంత చక్కగా అతకడం బెజవాడ హోటళ్ల అదృష్టం.

వ్యాపారంలోంచి సేవ, సేవలోంచి మళ్లీ వ్యాపారం

ఈ కలగాపులగం మనవాళ్లు చేసింది కాదు, పుట్టుకలోనే ఉంది. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి కూర్చున్నాడు. పల్లె నుంచి పెద్ద ఊరికి వచ్చి, ప్రాక్టీసు పెట్టుకుని, ఆదివారం వస్తే పలకరించే దిక్కులేక బాధపడ్డ మనిషి ఆయన. ఒక్కోసారి ఒక్కో సభ్యుడి ఆఫీసులో కలుద్దాం అనుకున్నారు కాబట్టి రోటరీ అని పేరు పెట్టుకున్నారు. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకోవాలన్న నియమం తొలినాటిదే. కారణం సులువుగానే ఊహించవచ్చు: ఒకే బల్ల చుట్టూ ఇద్దరు బొగ్గు వ్యాపారులు కూర్చుంటే స్నేహం ఎంతసేపు నిలుస్తుంది? సభ్యులు ఒకరి దగ్గర ఒకరు కొనుక్కోవడం ఆ రోజుల్లో దాపరికం లేని సంగతి.

ఒకరికొకరు సరుకు అమ్ముకోవడానికే అయితే ఇంత హంగామా ఎందుకన్న ప్రశ్న లోపలి నుంచే వచ్చింది. 1907లో ఆ క్లబ్బు షికాగోలో ప్రజలకు మరుగుదొడ్లు కట్టించడానికి పూనుకుంది. రోటరీ తొలి సేవా కార్యక్రమం అదే. మన క్లబ్బుల చరిత్ర చెప్పే ఉపన్యాసాల్లో ఈ ముక్క ఎందుకో వినపడదు. ఆ తర్వాత సేవే ముందు వరసలోకి వచ్చింది, వ్యాపారం వెనక్కి జరిగి కూర్చుంది. 1917లో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి లయన్స్‌ను మొదలుపెట్టిందీ అదే షికాగోలో, వ్యాపారుల క్లబ్బులు తమ లాభం దాటి ఆలోచించాలన్న పట్టుదలతో. 1925లో చూపు లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వచ్చి అంధుల పక్షాన నిలబడమని అడిగాక కంటి శిబిరాలు వాళ్ల గుర్తింపైపోయాయి. గుంటూరు జిల్లాలో ఏ పల్లెలో అడిగినా ‘కళ్లాపరేషను’ పక్కన లయన్స్ పేరు వినిపించడానికి మూలం అక్కడుంది. మన దేశానికి రోటరీ 1919లో కలకత్తా దారిన, లయన్స్ 1956లో బొంబాయి దారిన వచ్చాయి.

సేవ ముందుకొచ్చి వ్యాపారం వెనక్కి పోయాక, వ్యాపారం కోసమే వచ్చేవాళ్లకు చోటు లేకుండా పోయింది. ఆ ఖాళీలో 1985లో ఇవాన్ మైస్నర్ కాలిఫోర్నియాలో బీఎన్ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) పెట్టాడు. వారానికోసారి కలవడం, వృత్తికి ఒక్కరే అన్న నియమం అందులోనూ ఉన్నాయి. సేవ బదులు రిఫరల్ (తమకు తెలిసినవాళ్లను ఇంకో సభ్యుడి వ్యాపారానికి పంపడం). అంటే 80 ఏళ్లు తిరిగొచ్చి బండి మళ్లీ బయల్దేరిన చోటికే చేరింది, ఈసారి ముసుగు లేకుండా. నన్నడిగితే ఈ ముసుగు లేకపోవడమే నయం. అమ్ముకోవడానికి వచ్చానని చెప్పి అమ్ముకునేవాడితో పేచీ ఉండదు.

పొద్దున్నే ఏడింటికి

వ్యాపార సమావేశం సంగతి పొద్దుటి పూటే తెలుస్తుంది. సాయంత్రం సభలో వక్తలు మాట్లాడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. పొద్దున ఏడింటికి హోటల్ హాల్లో ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా పెట్టుకుని కూర్చునే బృందాల్లో ప్రతివాడూ నిలబడి నిమిషం లోపు మాట్లాడాలి. గంట కొడతారు, మాట మధ్యలో ఉన్నా కూర్చోవాలి.

ఆ నిమిషంలో ఎవడికి పని తెలుసో ఎవడికి తెలియదో బయటపడుతుంది. ఒకాయన లేచి, ‘నమస్కారమండీ, మా దగ్గర అన్ని రకాల ఇన్సూరెన్సులూ ఉన్నాయి, ఎవరికి ఏది కావాలన్నా నాకు చెప్పండి’ అంటాడు. అందరూ తల ఊపుతారు, ఎవరికీ ఏమీ గుర్తుండదు. పక్కాయన లేచి, ‘గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో ప్యాకింగ్ అట్టపెట్టెల వ్యాపారమండీ మాది. ఈ వారం నాకు ఒక్క పరిచయం కావాలి: పూతరేకులు హైదరాబాదుకు పార్శిల్ పంపే స్వీటు షాపు ఓనరు. నూనె మరక పడని పెట్టె చేశాం, శాంపిల్ తెచ్చాను’ అంటాడు. ఆ మాట పూర్తికాకముందే హాల్లో ఇద్దరికి తమ బావమరిదో, అద్దెకున్నాయనో గుర్తొస్తాడు. సాయం చేయడానికి జనానికి అభ్యంతరం ఉండదు, ఎవరికి ఫోన్ చేయాలో తెలియక ఊరుకుంటారు. ఆ పేరేదో మీరే చెప్పేస్తే సగం పని మీరే చేసినట్టు.

ఇంకో సంగతి. ఇలాంటి బృందాల్లో వారం తప్పితే ఊరుకోరు. మానేస్తే బదులు మనిషిని పంపాలి, వరసగా మానేస్తే సీటు పోతుంది. ఇదేం బడి హాజరండీ అని కొత్తవాళ్లు నవ్వుతారు. కానీ నమ్మకం పుట్టేది ఆ హాజరులోనే. తన వియ్యంకుడి ఇంటి ప్లాను గీయమని మిమ్మల్ని పంపించాడంటే ఆయన తన పరువు మీ చేతిలో పెట్టాడన్నమాట. ఒక్కసారి కలిసి కార్డు ఇచ్చినవాడికి ఎవరూ అంత పని అప్పగించరు. అందుకే ‘మెగా నెట్‌వర్కింగ్ మీట్’ అని ఏడాదికోసారి ఐదొందల మందిని పోగేసే సభల్లో కార్డులు చేతులు మారతాయి తప్ప పని మారదు. ఇలాంటి చోట చేరేముందు ఒక లెక్క వేసుకోవాలి: ఏడాది సభ్యత్వం, వారం వారం టిఫిను, హాలు ఖర్చు, వాటికి పెట్టే పొద్దుటి గంటలు, అన్నీ కలిపితే ఎంత? మీ వ్యాపారంలో ఒక్క ఆర్డరుకు మిగిలేదెంత? ఇంటీరియర్ చేసేవాడికి రెండు పనులొస్తే గిట్టిపోతుంది. కూరగాయల కొట్టాయనకు ఎన్నేళ్లయినా గిట్టదు.

గుంటూరులో ఇంకో చిక్కుంది. అక్కడ వ్యాపారం గడియారం మిర్చి యార్డు చెప్పినట్టు నడుస్తుంది. సీజను మంచి ఊపులో ఉన్నప్పుడు టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతుంటే కమీషన్ వ్యాపారి, కోల్డ్ స్టోరేజీ యజమాని, లారీ ఆఫీసు వాళ్లు ఎవరూ హోటల్ హాల్లో కూర్చుని నిమిషం పరిచయాలు చెప్పుకోరు. వాళ్ల నెట్‌వర్కింగ్ యార్డులోనే, టీ గ్లాసుతో, నోటిమాట మీద నడుస్తుంది. నోటిమాట తప్పినవాడి సంగతి మధ్యాహ్నానికల్లా యార్డంతా తెలుస్తుంది. దాన్ని మించిన రిఫరల్ వ్యవస్థ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు, అయితే అందులోకి బయటివాడికి తలుపు లేదు.

వనసమారాధన అనే మన సొంత నెట్‌వర్కింగ్

తలుపు మాట వచ్చింది కనక అసలు విషయం చెప్పుకోవాలి. ఈ క్లబ్బులేవీ రాకముందూ, వచ్చాక కూడా, కృష్ణా గుంటూరు జిల్లాల్లో పనులు జరిగేది బంధుత్వం, ఊరు, కులం, బ్యాచ్ మీద. కార్తీకంలో నున్న, మంగళగిరి వైపు మామిడి తోటల్లో జరిగే వనసమారాధనలు చూడండి. ఉసిరి చెట్టు కింద పూజ పేరుకి. కులం వారీగా పిలుపులు, కులం వారీగా బస్సులు, విస్తరి ముందు సంబంధాలు, స్థలాలు, సీట్లు, టిక్కెట్లు. ఎమ్మెల్యే వస్తాడు, ఎన్నారై వస్తాడు, కాంట్రాక్టరు వస్తాడు. అక్కడ కార్డు ఇవ్వాల్సిన పనిలేదు, ‘మీది ఏ ఊరు, ఎవరి తాలూకు’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబే కార్డు. దీన్ని వెక్కిరించి లాభం లేదు. బ్యాంకు మొహం చూడని రోజుల్లో మొదటి షాపుకు పెట్టుబడి, హాస్టల్లో సీటు, కొత్త ఊళ్లో అద్దెగది ఈ దారినే దొరికాయి. 1975లో విజయవాడలో సిద్ధార్థ అకాడమీ లాంటి విద్యాసంస్థ పుట్టిందీ రైతులు, వ్యాపారులు, వృత్తి నిపుణులు కలిసి తలా చెయ్యి వేస్తేనే.

కానీ ఈ దారికి ఒక హద్దుంది. మనవాళ్లందరికీ తెలిసినవాళ్లు మనవాళ్లే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1970ల్లో బోస్టన్ శివారులో ఉద్యోగాలు మారినవాళ్లను అడిగి చూశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 17 శాతమే. మిగతా అందరికీ పని చేసిపెట్టింది అప్పుడప్పుడో, అరుదుగానో కలిసే మనిషి. కారణం పెద్ద రహస్యమేమీ కాదు: మీ బాబాయికి తెలిసిన ఖాళీ మీకూ ఈపాటికే తెలిసి ఉంటుంది, పక్క వీధి పరిచయస్తుడికి తెలిసింది మీకు కొత్త.

మరి ఆ క్లబ్బు హాలు ఎవరికి అవసరం? తెనాలి నుంచి వచ్చి బ్రాడీపేటలో డయాగ్నస్టిక్ సెంటరు పెట్టుకున్న మొదటి తరం అమ్మాయికి, నాన్న వ్యాపారం కాకుండా వేరే పని మొదలుపెట్టినవాడికి, ఏ కులసంఘం ఫంక్షన్‌లోనూ ముందు వరసలో కుర్చీ దొరకని మనిషికి. పాల్ హారిస్ లాంటివాళ్లకన్నమాట. ఇప్పటికే ఊరంతా తెలిసిన పెద్దాయన క్లబ్బులో చేరితే ఆయనకు కొత్తగా వచ్చేది పదవి ఒక్కటే. దురదృష్టం ఏమిటంటే మన క్లబ్బులు కొన్ని ఆ పెద్దాయన కోసం కుర్చీ తుడిచి, ఈ అమ్మాయిని రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చోబెడతాయి.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి: రోటరీ, లయన్స్ రెండూ మహిళలను సభ్యులుగా ఒప్పుకోవడానికి 1980ల చివరిదాకా పట్టింది, రోటరీ విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 1987లో తీర్పు చెప్పాల్సి వచ్చింది. అప్పటిదాకా భార్యలకు ఇన్నర్ వీల్ అనే విడి సంఘం ఉండేది, ఇప్పటికీ ఉంది. నియమం మారింది గానీ టైమ్‌టేబుల్ మారలేదు. పొద్దున ఏడు అంటే పిల్లల క్యారేజీలు కట్టే వేళ, రాత్రి విందు అంటే పదిన్నరకు బందరు రోడ్డు మీద ఆటో వెతుక్కునే వేళ. మధ్యాహ్నం మూడింటికి సమావేశం పెట్టి చూడమనండి, ఎవరెవరు వస్తారో. మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అలీప్ 1993లో విడిగా పుట్టి, తర్వాత విజయవాడ దగ్గర సూరంపల్లిలో పారిశ్రామికవాడ దాకా వెళ్లిందంటే అందులో ఆశ్చర్యం లేదు.

చందా లెక్క

ఇక సేవ. ఇక్కడే డబ్బు ఎక్కువ, అనుమానాలూ ఎక్కువ.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఓ సంస్థ పేద పిల్లల చదువుకు నిధి కోసం సంగీత విభావరి, విందు పెట్టింది. టిక్కెట్టు 1,500, వచ్చినవాళ్లు 250 మంది: 3,75,000. స్పాన్సర్లు ఇంకో రెండు లక్షలు. మొత్తం 5,75,000. భోజనం, హాలు, సౌండు, ఆర్కెస్ట్రా, ఫ్లెక్సీలు, మెమెంటోలు కలిపి 4,10,000. పిల్లలకు చేరేది 1,65,000, అంటే వంద రూపాయల్లో 29. మిగతా 71 మనమే తిన్నాం, విన్నాం, ఫొటో దిగాం. ఇందులో ఎవరూ దొంగలు కారు. ‘డబ్బంతా పిల్లలకే’ అని స్టేజి మీద చెప్పినప్పుడు మాత్రం తేడా వస్తుంది. నిర్వాహకులు దీనికి చెప్పే జవాబూ వినాలి: ఆ రాత్రి వచ్చిన 250 మందిలో పదిమంది ఏటేటా ఒక పిల్లాడి ఫీజు కట్టే దాతలైతే విందు ఖర్చు పెట్టుబడి అవుతుంది. నిజమే. అయితే మర్నాడు ఆ 250 మందికి ఎవరైనా ఫోన్ చేశారా అన్నదే అసలు ప్రశ్న. చాలా సంస్థల్లో మర్నాటి పని పత్రికల జిల్లా ఎడిషన్‌లో ఫొటో వచ్చిందో లేదో చూసుకోవడంతో అయిపోతుంది.

బెజవాడకు చందాల సభ కొత్తేమీ కాదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఇక్కడ జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటిమంది సభ్యులు, ఊళ్లలో 20 లక్షల రాట్నాలు అని లక్ష్యం పెట్టింది. గడువు జూన్ 30. ఎంత, దేనికి, ఎప్పటిలోగా అన్న మూడూ ఆ తీర్మానంలో ఉన్నాయి. ఇప్పటి సేవా సభల బ్యానరు మీద ముఖ్య అతిథి ఫొటో తప్ప ఈ మూడింటిలో ఒక్కటైనా కనిపిస్తుందేమో చూడండి.

దాత పేరు రాయడం మీద మనకో పాత వేళాకోళం ఉంది కదా, గుళ్లో ఫ్యాను రెక్కల మీద దాత పేరు చదవాలంటే ఫ్యాను ఆపాలి అని. జీఎస్టీ వాళ్లు ఈ విషయం సీరియస్‌గా ఆలోచించి 2019 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చారు. సేవాసంస్థకు ఇచ్చిన విరాళానికి గుర్తుగా, కృతజ్ఞతగా దాత పేరు రాస్తే పన్ను లేదు. ‘ఫలానా వారు తమ తండ్రి జ్ఞాపకార్థం’ అని గుడి గదిలో రాసినా అంతే. ఆ పేరు వ్యాపార ప్రకటన అయితే మాత్రం అది విరాళం కాదు, సేవకు ప్రతిఫలం, కాబట్టి పన్ను పరిధిలోకి వస్తుంది. చందాకూ స్పాన్సర్‌షిప్‌కూ మధ్య గీత ఇదే. ‘కంటి శిబిరం, సౌజన్యం ఫలానా వారు’ అంటే ఒకటి, పేరు పక్కన లోగో, ఫోన్ నంబరు, ‘పండగ ఆఫర్ 30 శాతం’ అంటే ఇంకొకటి. రెండూ తప్పు కాదు. రెండోదాన్ని మొదటిదిగా రాసుకోవడం తప్పు.

పన్ను మినహాయింపు గురించి వేదికల మీద వినిపించే మాటలూ సగం సగమే. 80జీ అని అందరూ పిలిచే మినహాయింపులో మామూలు ట్రస్టులకు ఇచ్చినదానిలో సాధారణంగా సగమే పన్ను వేసే ఆదాయంలోంచి తగ్గుతుంది. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే అదీ రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలు లేదు. రసీదు కింద అచ్చు వేస్తే సరిపోదు, సంస్థ ఆ విరాళం వివరం పన్ను శాఖకు దాఖలు చేసి మీకు ధ్రువపత్రం ఇవ్వాలి, ఈ పద్ధతి 2021-22 నుంచి వచ్చింది. విందు టిక్కెట్టులో మీరు తిన్న భోజనం ఖరీదు విరాళం కిందికి రాదు. సీఎస్ఆర్ (కంపెనీలు లాభంలోంచి సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) మాటా అంతే: ఏ చిన్న కంపెనీ యజమాని కనబడినా ‘మీ సీఎస్ఆర్ మాకివ్వండి’ అంటారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం అది నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీలకు వర్తించే, లాభంలో రెండు శాతం ఖర్చు పెట్టాలన్న నిబంధన. ఆటోనగర్‌లో చాలా షెడ్లు ఆ గీతకు చాలా కింద ఉంటాయి.

పెద్ద విరాళాలు ఈ విందుల్లోంచి పుట్టడం అరుదు కూడా. గుంటూరు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి గోడల మీద పేర్లు చదవండి. పొదిల ప్రసాద్ పేరున సూపర్ స్పెషాలిటీ బ్లాకు, నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం, అమెరికాలో స్థిరపడ్డ గుంటూరు మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం జింకానా చేయూతతో తల్లీబిడ్డల విభాగం. ఏ రోగులను చూసి వైద్యం నేర్చుకున్నారో వాళ్ల అప్పు తీర్చడం అది. పూర్వ విద్యార్థుల కలయికను ఉత్తి ముచ్చట్ల సభ అనుకుంటాం. ఎవరూ ఏమీ అడగకుండా ఏళ్ల తరబడి కలుస్తూ ఉండడం వల్లే, ఒకడు లేచి ‘మన ఆసుపత్రికి ఏదైనా చేద్దామా’ అన్నప్పుడు ఎవరూ అనుమానించరు.

ఏళ్ల తరబడి అన్నది ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట. రోటరీ పోలియో మీద పడింది 1985లో. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో, పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ 2014 మార్చిలో. ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు, ఆరోగ్య కార్యకర్తలు లేకుండా అది జరిగేది కాదు, అయినా మూడు దశాబ్దాలు ఒకే పని మీద క్లబ్బులు నిలబడిన సంగతి నిలబడిందే. ఏటా జులైలో కొత్త అధ్యక్షుడు వచ్చి పాతాయన ప్రాజెక్టు పక్కన పెట్టి తన పేరుతో కొత్త కుట్టుమిషన్ల పంపిణీ మొదలుపెట్టే మన అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు.

బుడమేరు వచ్చినప్పుడు

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీకి వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బందరు రోడ్డు హోటళ్లు పొడిగా ఉన్నాయి, వాటికి కొద్ది కిలోమీటర్ల అవతల జనం మొదటి అంతస్తుల మీద రోజుల తరబడి ఉండిపోయారు. నెట్‌వర్కులన్నిటికీ అది అసలు పరీక్ష. పులిహోర ప్యాకెట్లు, పాలు, నీళ్ల సీసాలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వచ్చాయి. డ్రోన్లతో, హెలికాప్టర్లతో కూడా ఆహారం జారవిడిచారు. వంటకు, డబ్బుకు కొరత కన్నా లోపలి సందుల దాకా చేర్చడం పెద్ద సమస్య అయింది. ఫ్లైఓవరు దగ్గర ప్యాకెట్లు పోగుపడుతుంటే చివరి వీధులవాళ్లు మాకేమీ అందలేదని గోలపెట్టారు.

కేటరర్, లారీ యజమాని, మందుల డీలరు ఒకే వాట్సాప్ గ్రూపులో ఉండడం వల్ల అరపూటలో వెయ్యి ప్యాకెట్లు తయారవడం క్లబ్బుల బలం. ఆ వెయ్యి ప్యాకెట్లూ ఏ వీధికి పోవాలో చెప్పే మనిషి గ్రూపులో లేకపోవడం వాటి బలహీనత. సింగ్‌నగర్ ఆటోడ్రైవరు, పారిశుద్ధ్య కార్మికురాలు, పొదుపు సంఘం లీడరు ఏ క్లబ్బులోనూ సభ్యులు కారు. వృత్తికి ఒక్కరు అన్న నియమంలో వాళ్ల వృత్తులు ఎప్పుడూ లెక్కకు రాలేదు. వరద తగ్గాక ఎన్ని క్లబ్బులు వాళ్ల నంబర్లు దాచుకున్నాయో గానీ, ఒక క్లబ్బు తన సభ్యుల జాబితాను ఈ కళ్లతో మళ్లీ చూసుకుంటే తప్పేం లేదు.

బిజినెస్ మీట్ అంటే ఎప్పుడూ బిజినెస్ మీట్ కాదు

చివరిగా ఒక జాగ్రత్త. దూరపు బంధువు ఫోన్ చేసి, ‘ఆదివారం హోటల్లో చిన్న బిజినెస్ మీట్ ఉంది బావా, నువ్వు వస్తే చాలు, మిగతాది అక్కడ చెప్తారు’ అంటే, అది ఏ వ్యాపారమో రెండుసార్లు అడిగినా చెప్పకపోతే, వెళ్లకండి. అక్కడ అమ్మేది సరుకు కాదు, మీ బంధువర్గం. కొత్తవాళ్లను చేర్పిస్తేనే డబ్బు వచ్చే గొలుసు పథకాలను 1978 చట్టం ఎప్పుడో నిషేధించింది. డైరెక్ట్ సెల్లింగ్ పేరుతో పిరమిడ్ పథకాలు నడపడాన్ని 2021 నిబంధనలు మళ్లీ నిషేధించాయి. అయినా చప్పట్లు, సూట్లు, కారు ఫొటోలతో ఇవి నడుస్తూనే ఉంటాయి. విజయవాడ కేంద్రంగా నడిచి, జనం డిపాజిట్లు తిరిగి చెల్లించలేకపోయిన అగ్రిగోల్డ్ సంస్థ ఉదంతం వేరే తరహాది, కానీ అక్కడా ఏజెంట్లు బయటివాళ్లు కారు, పక్కింటివాళ్లు, చుట్టాలు. లక్షలమంది దాచుకున్నది ఆ నమ్మకం మీదే. నోటిమాట మీద వ్యాపారం నడిచే చోట మోసమూ అదే దారిన వస్తుంది.

సేవా సంస్థల విషయంలో అయితే దారి ఇంకా సులువు. రాష్ట్రంలో సొసైటీలకు 2001 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఉంది, లెక్కలు రాయాలి, ఆడిట్ చేయించాలి, సభ్యులకు చూపించాలి. చందా రాసేముందు, ‘మీ నిరుటి ఆడిట్ రిపోర్టు ఒకసారి చూడొచ్చా అండీ’ అని కోశాధికారిని మర్యాదగా అడగండి. మంచి సంస్థ అయితే సంతోషంగా పంపిస్తుంది, కొందరు వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. ‘అది ఆడిటర్ గారి దగ్గరుందండీ’ అంటే, అంతకు ముందు ఏడాదిది అడగండి. అదీ అక్కడే ఉందంటే భోజనం చేసి, టిక్కెట్టు డబ్బు వరకే అనుకుని ఇంటికొచ్చేయండి.